చలి చింపిన వూఫర్లు

మా దుకాణంలో బాస్ ఎవరని అడిగితే నేను ఏదో ఒక కారు డిక్కీ తెరిచి చూపిస్తాను. పన్నెండు అంగుళాల గుండ్రటి నల్ల మొహం, చుట్టూ రబ్బరు అంచు, బాస్ మోత మోగించే వూఫర్ స్పీకరు ప్లైవుడ్ డబ్బాలో దర్జాగా కూర్చుని ఉంటుంది. "ఇదీ బాస్. నేను కాయెతాన్‌ని, దీని నౌకరుని" అంటాను. ఇరవై మూడేళ్ళుగా ఇదే జోకు. ముందుగా నవ్వేది నేనే. నా నవ్వు నలుగురు నవ్విన పెట్టు కాబట్టి మిగతావాళ్ళ అవసరం అంతగా పడదు.

సువాల్కి ఊరికి ఉత్తరాన, అపార్టుమెంటు బ్లాకుల వెనక గరాజుల వరస ఉంది. అందులో పద్నాలుగో నంబరు నాదీ, నా బావమరిది రెమెక్‌దీ. వాడు చెక్క కోసి డబ్బాలు చేస్తాడు, తీగలు లాగుతాడు. నేను డబ్బా కొట్టుకుంటాను. మా బతుకంతా మోతే: పొద్దున డబ్బాల్ని మోయడం, సాయంత్రం అవి మోగడం.

ఈ వరసలో మిగతా దుకాణాల వాళ్ళకి మీటర్లున్నాయి, గీతలు గీసి చూపించే తెరలున్నాయి. నాకు చెవి ఉంది. ఔగుస్తూఫ్ నుంచీ, ఒలెత్స్కో నుంచీ, సరిహద్దు దాటి లిథువేనియా నుంచీ జనం మీటరు కోసం రారు. నా చెవి కోసం వస్తారు. నా పద్ధతి చెబుతాను, రహస్యమేమీ కాదు. యాంప్లిఫయర్ పక్కన చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పేకొద్దీ బలం పెరుగుతుంది. పాట పెట్టి, మెల్లగా తిప్పుతూ పోవాలి. ఒకచోట, దద్దరిల్లే ఆ బాస్ వెనకాల, కాగితం మీద ఇసుక పోసినట్టు సన్నటి గరగర వస్తుంది. యాంప్ తన శక్తికి మించి అరుస్తోందని దానర్థం. ఇసుక రాలింది అనగానే పావు చుట్టు వెనక్కి తిప్పి వదిలేయాలి. అక్కడ మా ఆవిడ ఇర్మీనా గోళ్ళ రంగుతో ఒక ఎర్ర చుక్క పెడతాను. మర నెత్తిన ఉండే గాడి ఆ చుక్కని చూస్తూ ఉండాలి. ఆ తర్వాత రెమెక్ వచ్చి యాంప్ మీద మూత బిగించి, కారు తుడిచి, తాళాలు ఇస్తాడు. చుక్క పెట్టడం నా పని, మూత పెట్టడం వాడి పని.

ఇక మా చలి సంగతి. జనవరిలో సున్నాకి కింద పాతిక డిగ్రీలంటే ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు, బ్యాటరీలు తప్ప. రాత్రికి బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తెచ్చుకుని, చెప్పుల పక్కన పెట్టుకుని పడుకోవడం ఇక్కడ అలవాటు. బాస్ అంటే చెవి కోసుకునే మా కస్టమర్లు వూఫర్ని కూడా పైకి మోసుకుపోతారు. చలికి రబ్బరు అంచు బిగుసుకుపోతుంది, జిగురు పెళుసెక్కుతుంది. అలా ఉన్నప్పుడు ఒక్కసారిగా గట్టిగా పెట్టారంటే అంచు పర్రున చినుగుతుంది. అందుకే ప్రతి డబ్బా మీదా మా స్టిక్కరు ఉంటుంది: "మొదటి పదిహేను నిమిషాలు గుసగుస."

స్టిక్కరు మాట వినని వాళ్ళకి శిక్ష కూడా పెట్టాను. చినిగిన కోన్, అంటే వూఫర్ నల్ల మొహం, కోసి, కింద సొంతదారు పేరు రాసి, గరాజు గోడకి మేకు కొట్టి వేలాడదీస్తాను. దానికి "చలి హంతకుల గోడ" అని పేరు. వచ్చినవాళ్ళంతా ముందు ఆ పేర్లు చదివి, నవ్వుకుని, తర్వాత పని చెబుతారు. పాట వాయించడం ఎలాగో, కస్టమర్ని వాయించడమూ అలాగే నాకు.

ఈ ఏడు ఆ గోడ నిండింది.

జనవరి రెండో వారంలో రెమెక్ బ్యాటరీ పట్టుకుని ఇంటికి పోతూ మెట్ల దగ్గర మంచుగడ్డ మీద కాలు జారాడు. బ్యాటరీని కాపాడాడు, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు మోచేతి దాకా పిండికట్టు వేశాడు. "రొట్టెల కొట్టువాడికైతే చేతికి పిండి అంటుకుంటుంది, నీకు చేతికే పిండి కట్టారు" అన్నాను ఆసుపత్రిలో. వాడు నవ్వలేదు. "బావా, నేను వచ్చేదాకా కార్లు ఎవరికీ ఇవ్వకు" అన్నాడు.

"ఎందుకురా? మూత బిగించడానికి నీ డిగ్రీ కావాలా?"

వాడు ఇంకేదో అన్నాడు. పక్క మంచం మీద ఎవరో దగ్గుతున్నారు. నేను తల ఊపి వచ్చేశాను.

వాడు ఇంట్లో కూర్చున్న పన్నెండు రోజుల్లో మూడు కార్లు నేనే పూర్తి చేసి ఇచ్చాను. చుక్క నాదే, మూతా నాదే.

మొదట తిరిగొచ్చింది నికోదెమ్. రొట్టెల వ్యాను తోలతాడు, నలభై దాటినవాడు, నెమ్మదస్తుడు. వ్యాను వెనక రొట్టెల అరల కింద చిన్న వూఫర్ పెట్టించుకున్నాడు. అది వారం తిరక్కుండా మూగబోయింది. విప్పి చూస్తే అంచు సగం చినిగి వేలాడుతోంది. ఆ సమయానికి గరాజులో ఐదారుగురు ఉన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి?

"నికోదెమ్, పిండిని పొంగనివ్వకుండా పొయ్యిలో పెడతావా నువ్వు?"

"పెట్టను."

"మరి వూఫర్ని వేడెక్కనివ్వకుండా ఎందుకు వాయించావు?"

"స్టిక్కరు చూశాను. పదిహేను నిమిషాలు ఆగాను. ఒట్టు."

"నీ పదిహేను నిమిషాలు ఏ గడియారంలోవి? రొట్టె మాడితే కూడా పొయ్యిదే తప్పు అంటావేమో!"

అందరూ నవ్వారు. నికోదెమ్ మొహం ఎర్రబడింది. టోపీ నలుపుతూ నిలబడి, నా మీద కాదు, గోడ మీద కళ్ళు పెట్టాడు. అతని ముందే ఆ కోన్‌కి మేకు కొట్టి, పెద్దక్షరాలతో పేరు రాశాను. మర్నాటి నుంచి మా వరస ముందు నుంచి వ్యాను పోతోంది గానీ అతను చెయ్యి ఊపడం మానేశాడు.

రెండోది ఔగుస్తూఫ్ నుంచి పార్సిల్లో వచ్చింది. దాన్ని నేను విప్పనైనా లేదు. ఫోన్లోనే చలి మీద నేరం వేసి, శిక్ష కూడా చదివేశాను.

అయితే ఒక్క సంగతి మాత్రం నన్ను లోపల గోకుతూనే ఉంది. మా ఊళ్ళో చలి బాగా ముదిరితే కాలి కింద మంచు కీచుమంటుంది. ఎంత చలో చెప్పడానికి థర్మామీటరు అక్కర్లేదు, బూటు చాలు. ఈ ఏడు పాతిక డిగ్రీల చలిలో కూడా మంచు కీచుమనలేదు. పొద్దున్నే ఇర్మీనాతో కలిసి గరాజు దాకా నడుస్తూ, "ఈ ఏడు మంచు మెత్తగా పడిందే" అన్నాను. ఆవిడ ఆగి నా మొహం చూసింది. తన కాలు ఎత్తి గట్టిగా ఒకసారి తొక్కింది. మళ్ళీ నా మొహం చూసింది. అంత మాటకారి మనిషి ఏమీ అనకపోవడం నేను గమనించాను, గమనించి పక్కన పెట్టాను.

మూడోవాడు లుదోమిర్. ఫైర్ స్టేషన్లో ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నిప్పులాంటి మనిషి, ఆర్పడం వృత్తి. మధ్యాహ్నం కారు తెచ్చి గరాజు ముందు ఆపి, ఇంజను ఆపకుండానే దిగాడు.

"కాయెతాన్ గారూ, మీ బాస్ రాజీనామా ఇచ్చాడు."

"చలండీ లుదోమిర్ గారూ, చలి" అన్నాను అలవాటుగా, మేకు కోసం వెతుకుతూ.

"చలి కాదండీ. నా కారు పడుకునేది స్టేషన్ షెడ్డులో. అక్కడ ఎప్పుడూ పద్దెనిమిది డిగ్రీలుంటుంది. లేకపోతే ఫైరింజన్లో నీళ్ళు గడ్డకట్టి, మేం మంటల మీదకి ఐసుగడ్డలు విసరాల్సొస్తుంది."

"అయితే బయటికి తీయగానే గట్టిగా పెట్టుంటారు."

"పదిహేను నిమిషాలు గుసగుసేనండీ. మా ఆవిడ కూడా నవ్వింది, ఇంట్లో నాతో ఇంత నెమ్మదిగా ఎప్పుడైనా మాట్లాడావా అని. ఆ తర్వాత కూడా సగం దాకానే పెంచాను." డిక్కీ తెరిచి, లోపలికి వంగి గాలి పీల్చాడు. "ఒకసారి మీరు కూడా ఇలా రండి. వాసన చూడండి."

చూశాను.

"ఇన్నేళ్ళుగా నేను ముక్కుతోనే అన్నం తింటున్నాను" అన్నాడాయన. "ఇది చినిగిన వాసన కాదు. కాలిన వాసన."

వూఫర్ విప్పాను. రబ్బరు అంచు చెక్కుచెదరలేదు, కొత్తగా మెత్తగా ఉంది. కోన్ వెనక రాగి తీగచుట్ట, కాయిల్, మాత్రం బొగ్గు. శక్తికి మించి అరిపించిన యాంప్ ఇలాగే కాలుస్తుంది. చలి ఎవరినీ కాల్చదు. జోకు కోసం నోరు తెరిచాను. "రేపు మధ్యాహ్నం రండి" అన్నాను. ఆయన వెళ్ళాడు.

గోడ దగ్గరికి పోయాను. నికోదెమ్ కోన్‌ని కోసి తీశాక, దాని ఇనప చట్రం, కాయిల్ ఆ రోజే మూలన చెత్తబుట్టలో పడేశాను. బయటికి తీసి దీపం కింద పెట్టాను. నల్లగా ఉంది. ఔగుస్తూఫ్ దాన్ని విప్పాను. అదీ నలుపే. చలి అంచుని బిగించిన మాట నిజం. దాన్ని చినిగేదాకా తోసిన చెయ్యి మాత్రం వేరే.

ఇర్మీనా కారు బయటే ఉంది. పోయిన శరదృతువులో దాని డిక్కీలో నేనే చిన్న వూఫర్ బిగించాను. అది హాయిగా పలుకుతోంది, ఒక్కనాడూ సణగలేదు. స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి యాంప్ మూత విప్పాను. వేళ్ళు చలికి కొంకర్లు పోతున్నాయి, ఒక మర మంచులో పడిపోయింది.

ఎర్ర చుక్క ఉంది. నేను పెట్టిన చోటే ఉంది. గాడి మాత్రం దాన్ని చూడడం లేదు. చుక్క నుంచి దాదాపు అర చుట్టు వెనక్కి తిరిగి ఉంది. గాడి తప్పింది అనుకున్నాను. వెంటనే, ఎవరిది, అని కూడా అనుకున్నాను.

పక్క గరాజులో పోయిన ఏడాది చేసిన కారొకటి ఉంది. బతిమాలి తెరిపించాను. అక్కడా అంతే. చుక్క ఒకచోట, గాడి ఇంకొకచోట. లుదోమిర్ కారులో మాత్రం గాడీ చుక్కా ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. నేను పెట్టింది పెట్టినట్టే ఉన్న కారు కాలిపోయింది. నేను పెట్టింది ఎవరో మార్చిన కార్లు పాడుతున్నాయి. మూత బిగించేవాడు ఒక్కడే.

రెమెక్ ఉండేది మా బ్లాకులోనే, నాలుగో అంతస్తు. తలుపు తీసి నన్ను చూసి, "రా బావా, కార్తాచె వేడిగా ఉన్నాయి, ఒక్క చేత్తో ఉడకబెట్టాను, రెండు చేతులతో తినొచ్చు" అన్నాడు. నేను కూర్చోలేదు. జేబులోంచి కాలిన కాయిల్ తీసి ఆ బంగాళదుంప ఉండల పళ్ళెం పక్కన పెట్టాను. వాడు దాన్ని చూశాడు. పొయ్యి ఆపాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మొన్నటి ఈస్టర్ కాదు, దానికి ముందు ఈస్టర్ తర్వాత నుంచి."

"నా వెనకాల నా పని దిద్దుతున్నావా?"

"నీ వెనకాల కాదు. మూత వెనకాల."

"జోకులెయ్యకు!" అని అరిచాను. ఆ మాట అన్నది నేనేనా అని ఇద్దరం ఒక క్షణం ఆశ్చర్యపోయాం. "నాతో చెప్పొచ్చుగా!"

"చెప్పాను బావా. మూడుసార్లు చెప్పాను." వాడు కుర్చీ లాక్కుని సరిగ్గా నాకెదురుగా, దీపం తన మొహం మీద పడేలా కూర్చున్నాడు. ఎప్పుడూ అలాగే కూర్చుంటున్నాడని నాకు అప్పుడే తట్టింది. "మొదటిసారి, ఇసుక ఎప్పుడో రాలింది, నువ్వింకా తిప్పుతున్నావు, చెవులు డాక్టరుకి చూపించుకో అన్నాను. 'డాక్టరుకి తన చెవులు లేవా, నావెందుకు' అన్నావు. వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అది నా తప్పు. రెండోసారి మీటరు కొందామన్నాను. మీటరు గురించి అరగంట జోకులేశావు."

"మూడోసారి?"

"మూడోసారి ఏమీ అనలేదు నువ్వు. నీ వెనక నిలబడి చెప్పాను. నువ్వు తిరగలేదు. ఈల వేసుకుంటూ తిప్పుతూనే ఉన్నావు. అప్పుడు నాకు భయమేసింది. నీ చెవిన వేసే పని మానేసి, మర నేనే తిప్పడం మొదలుపెట్టాను."

"ఇర్మీనాకి తెలుసా?"

"అక్కకి నాకంటే ముందు తెలుసు. మీ ఇంటి టీవీ నాకు ఇక్కడిదాకా వినిపిస్తుంది కదా."

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఇరవై మూడేళ్ళు నా చెవి కోసం వచ్చారనుకున్న జనం, దాదాపు రెండేళ్ళుగా వీడి చెవి తీసుకుని పోయారు. డబ్బు నాకిచ్చారు, శభాష్‌లు నాకిచ్చారు. నేను ఆ శభాష్‌లు మేస్తూ గోడ మీద పేర్లు రాశాను. ఆ గోడ మీద ఉండాల్సిన పేరు ఒక్కటే. రెమెక్ మొహంలో తప్పు చేసినవాడి చూపు ఉంది. అది చూస్తే ఇంకా కోపం వచ్చింది, ఎందుకంటే వాడు చెయ్యలేదు.

"కార్లు ఇవ్వకు అన్నాను ఆసుపత్రిలో" అన్నాడు మెల్లగా. "ఎందుకో కూడా చెప్పాను. నువ్వు తల ఊపావు."

కార్తాచె చల్లారాయి. ఎవరం తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం రెమెక్ పిండికట్టు మీద పాత మేజోడు తొడుక్కుని గరాజుకి వచ్చాడు. లుదోమిర్ కూడా వచ్చాడు. కొత్త వూఫర్ బిగించి సిద్ధంగా ఉంచాను. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక మాట నోట్లో పట్టుకుని తిరుగుతున్నాను. అది మొదటి పదిహేను నిమిషాలు గుసగుసగా కూడా బయటికి రాలేదు.

"లుదోమిర్ గారూ" అన్నాను చివరికి. "చలి కాదు. నేను. నా చెవి పోతోంది. మర ఎక్కువ తిప్పాను."

ఆయన చేతులు వెచ్చచేసుకుంటూ నా వైపు చూశాడు. నవ్వలేదు. "మా పంపు ఆపరేటరు కూడా అంతేనండీ. సైరను కింద ఇరవై ఏళ్ళు కూర్చున్నాడు. వాడు మాత్రం ఒప్పుకోడు, వాకీటాకీ పాతదైపోయింది అంటాడు." ఆగి, "నా కారు మళ్ళీ మీరే చేస్తారా?" అని అడిగాడు.

"చెయ్యి నాది. చెవి వీడిది."

రెమెక్ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను డిక్కీలోకి వంగి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. అద్దంలోంచి వాడి మంచి చెయ్యి కనబడుతుంది. ఇసుక రాలగానే చెయ్యి ఎత్తాలి. పదిహేను నిమిషాలు వూఫర్ని గుసగుసగా వేడెక్కించాం. ఆ తర్వాత ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటిలో మోగే డాన్సు పాట పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. మోకాళ్ళలోకి బాస్ వచ్చింది. డిక్కీ రేకు నా బొజ్జని గుద్దింది. బాస్ నాకు బాగానే తెలుస్తుంది, శరీరమంతా చెవే దానికి. ఇంకా తిప్పాలి, ఇంకా చాలా దూరం ఉంది అనుకుంటున్నాను. అద్దంలో చెయ్యి లేచింది.

అప్పుడేనా?

వేళ్ళు ఆగాయి. ఊపిరి బిగబట్టి విన్నాను. అంత ప్రయత్నంగా నా జీవితంలో ఏ పాటా వినలేదు. దద్దరిల్లుతోంది. దాని వెనక, ఇసుక ఉండాల్సిన చోట, శుభ్రంగా ఊడ్చిన గదిలా ఖాళీగా ఉంది. లుదోమిర్ మాత్రం మొహం కొంచెం చిట్లించాడు. ఆయనకి కూడా వినిపిస్తోంది. ఫైరింజన్ తోలేవాడికి వినిపిస్తోంది.

పావు చుట్టు వెనక్కి తిప్పాను. ఎర్ర చుక్క పెట్టాను. రంగు ఆరేదాకా కదలకుండా అక్కడే ఉన్నాను. రెమెక్ దిగి వచ్చి, ఒక చేత్తో మూత పెట్టబోయి, నా వైపు చూసి, మూత నాకిచ్చాడు.

లుదోమిర్ వెళ్ళాక గోడ మీది కోన్లన్నీ కిందికి దించాను. పాతవాటిలో నిజంగా చలి చింపినవి చాలా ఉన్నాయి, కానీ వేరు చేయడానికి ఇక చెయ్యి రాలేదు. నికోదెమ్‌ది మాత్రం చేత్తో పట్టుకుని బయల్దేరాను. రెండో విడత రొట్టెలు దించడానికి అతను ఆ వేళకి మూలనున్న కొట్టు దగ్గర ఆగుతాడు. మంచు మీద నడుస్తున్నాను. నా బూట్లు ఏమీ అనలేదు.

వ్యాను వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. నికోదెమ్ రొట్టెల ట్రే ఎత్తుతున్నాడు. కొట్టు ముందు వరసలో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఆ రోజు నవ్వినవాళ్ళలో ఒకడు కూడా ఉన్నాడు. మంచిదే అనుకున్నాను.

"నికోదెమ్" అన్నాను. "నువ్వు పదిహేను నిమిషాలు ఆగావు. పాడు చేసింది నేను. కొత్తది బిగించి ఇస్తాను, రెమెక్ విని సరిచూస్తాడు. గోడ మీద నీ పేరు తీసేశాను." కోన్ చేతికిచ్చాను.

అతను ట్రే కింద పెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత వ్యాను లోపలికి తిరిగి, రొట్టెలు సర్దుతూ ఏదో అన్నాడు. పెదవులు కనబడలేదు. వరసలో ఒకావిడ నవ్వింది.

ఇదివరకైతే నేనూ నవ్వేవాణ్ణి. అందరికంటే గట్టిగా నవ్వి, దాని మీద ఇంకొకటి వేసి, వాళ్ళు కడుపు పట్టుకునేలోగా ఇంటికి పోయేవాణ్ణి.

"వినపడలేదు నికోదెమ్" అన్నాను. "ఇటు తిరిగి మళ్ళీ చెప్పు."

అతను తిరిగాడు. వీధి చివర దాకా వినిపించేలా, ఒక్కొక్క మాటా విడదీసి, "రొట్టె కావాలా అన్నాను. రై రొట్టె. వేడిగా ఉంది" అన్నాడు.

మాటలన్నీ అందాయి. ఆ గొంతులో ఉన్నది వెటకారమో, జాలో, మామూలు వ్యాపారమో మాత్రం తెలియలేదు. అలాంటి సన్నటివన్నీ ఇసుకతోపాటే పోయాయేమో. కావాలి అన్నాను. చేతులు చాచి తీసుకున్నాను.